శాన్ విటాలేనా, ఆఖెన్ కెథడ్రలా: ఏది ముందు చూడాలి?

రెండూ ఎనిమిది భుజాల చర్చిలే, రెండింటికీ నడిమధ్యన గుమ్మటం. ఇటలీలోని రవెన్నాలో ఉన్న శాన్ విటాలే 547లో ప్రతిష్ఠ అయింది. జర్మనీలోని ఆఖెన్‌లో షార్లమేన్ చక్రవర్తి తన ప్యాలెస్ పక్కన కట్టించిన ప్రార్థనాలయం (ఇప్పటి కెథడ్రల్‌కు నడిభాగం ఇదే) అంతకు రెండున్నర శతాబ్దాలు చిన్నది. ఒక్కటే చూసే వీలుంటే నా ఓటు రవెన్నాకే.

కారణం మొజాయిక్‌లు, అంటే చిన్నచిన్న ముక్కలు అతికించి చేసిన బొమ్మలు. బలిపీఠానికి చెరోవైపు గోడమీద తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్, అతని రాణి థియోడోరా పరివారంతో నిలబడి ఉంటారు. ఇవి 6వ శతాబ్దంలో అతికించిన గాజుముక్కలే. ఆ ఇద్దరూ ఆ ఊరికి ఎప్పుడూ రాలేదు, అయినా చర్చి అంతా వాళ్లదే అన్నట్టుంటుంది. కట్టడం కూడా చాలా తెలివైనది. గుమ్మటాన్ని బోలు మట్టిగొట్టాలతో కట్టారు. బరువు తగ్గింది కాబట్టే కింద స్తంభాల మధ్య గోడలు అర్ధచంద్రాకారంలో వెనక్కి వంగగలిగాయి. లోపల నడుస్తుంటే ప్రతి అడుగుకీ కొత్త కమాను కనబడుతుంది. అయితే గుమ్మటం లోపలి బొమ్మలు 18వ శతాబ్దంవి, వాటికోసం మెడ నొప్పి పెట్టుకోనక్కర్లేదు.

ఆఖెన్‌లో ఆ వంపులు లేవు. మందపాటి రాతి స్తంభాలు, నిటారుగా పైకి లేచే ఎత్తు. లోపల ఎనిమిది భుజాలు, బయట పదహారు. షార్లమేన్ రవెన్నాను చూసినవాడు. స్తంభాలనూ పాలరాళ్లనూ రోమ్ నుంచి, రవెన్నా నుంచి తెప్పించాడని అతని జీవితచరిత్ర రాసిన ఐన్‌హార్డ్ చెప్పాడు. పై అంతస్తు కమానుల్లో కనిపించే ఆ స్తంభాలు బరువేమీ మోయవు, వైభవం కోసం నిలబెట్టినవి. నాకు ఇబ్బంది ఎక్కడంటే, ఇప్పుడు మెరిసే మొజాయిక్‌లూ గోడల పాలరాయీ చాలావరకు 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో చేసినవి. షార్లమేన్ కాలాన్ని చూడాలంటే ఆ మెరుపును పక్కనపెట్టి రాతికట్టడాన్నే చూడాలి.

కట్టడం కన్నా రాజుల చరిత్ర మీద మక్కువ ఉన్నవాళ్లు మాత్రం ఆఖెన్‌కే వెళ్లాలి. షార్లమేన్‌ను 814లో పాతిపెట్టింది అక్కడే. 936 నుంచి 1531 దాకా జర్మన్ రాజులకు పట్టాభిషేకం జరిగిందీ అక్కడే. పాలరాతి పలకలతో చేసిన సాదా సింహాసనం పై అంతస్తులో ఉంది. గైడెడ్ టూర్ తీసుకుంటేనే దాని దగ్గరకు వెళ్లనిస్తారు, కాబట్టి ముందే బుక్ చేసుకోండి.