జీఆర్ఈ పవర్‌ప్రెప్: పాత పరీక్షకీ, కొత్త పరీక్షకీ వాడి చూశాక

ఎమ్మెస్‌కి విదేశాలకి వెళ్లేవాళ్లు ఎవరైనా అక్కడి యూనివర్సిటీలు అడిగే జీఆర్ఈ పరీక్షకి ఏం కొనాలని అడిగితే, ముందు ఏమీ కొనకండి, ఆ పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థ సైట్‌లో అకౌంట్ తెరిచి ఉచితంగా ఇచ్చే రెండు పవర్‌ప్రెప్ ప్రాక్టీస్ టెస్టులు చూడండి అంటాను. నేను వాడాను, తర్వాత మా తమ్ముడు వాడాడు, ఈమధ్య మా పెద్దమ్మ కూతురి పక్కన కూర్చుని తనతో చేయించాను. అంటే మూడు గంటల 45 నిమిషాల పాత పరీక్షా చూశాను, 2023 సెప్టెంబర్ నుంచి గంటా 58 నిమిషాలకి కుదించిన కొత్తదీ చూశాను.

కొత్త పరీక్ష ఇలా ఉంటుంది. ముందు 30 నిమిషాల వ్యాసం ఒకటి. తర్వాత ఇంగ్లీష్‌కి వెర్బల్ రెండు సెక్షన్లు (18 నిమిషాల్లో 12 ప్రశ్నలు, 23 నిమిషాల్లో 15), లెక్కలకి క్వాంట్ రెండు సెక్షన్లు (21 నిమిషాల్లో 12, 26 నిమిషాల్లో 15). మధ్యలో బ్రేక్ లేదు. ఒక్కోదాంట్లో మొదటి సెక్షన్ ఎంత బాగా చేస్తే రెండోది అంత కష్టంగా వస్తుంది, కష్టంగా వస్తే సంతోషించాలి, పెద్ద స్కోరుకి దారి అదే. మా చెల్లి రెండో క్వాంట్ సెక్షన్ చూసి "అన్నయ్యా, నావల్ల కాదు" అని తెగ టెన్షన్ పడింది. ఆ టెన్షన్ ఇంట్లోనే అయిపోవడం మంచిదైంది. మన ఎంసెట్‌లో లాగే నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ ప్రశ్ననీ ఖాళీగా వదలక్కర్లేదు.

పవర్‌ప్రెప్‌లో స్క్రీన్ అసలు పరీక్షలో ఉన్నట్టే ఉంటుంది. ప్రశ్నని మార్క్ చేసి పక్కన పెట్టడం, అదే సెక్షన్‌లో వెనక్కి వెళ్లడం, మౌస్‌తో కాలిక్యులేటర్ నొక్కడం, ఇవన్నీ ముందే చేతికి అలవాటవుతాయి. చిన్న విషయాలే, కానీ ఒక్కో ప్రశ్నకి ఒకటిన్నర, ఒకటిముప్పావు నిమిషం మాత్రమే ఉన్నప్పుడు చిన్నవేమీ కావు.

అయితే నేను దీన్ని ఇంతగా మెచ్చుకునేది వెర్బల్ కోసం. అమీర్‌పేటలో నేను చేరిన కోచింగ్‌లో మొదటి రోజే చేతికి ఇంత లావు వర్డ్ లిస్ట్ ఇచ్చారు. విడి విడి మాటలు అడిగే యాంటొనిమ్స్, అనాలజీస్ 2011 ఆగస్టులోనే పరీక్షలోంచి పోయాయి, ఆ లిస్టుల మోజు మాత్రం మనల్ని వదల్లేదు. ఇప్పుడు అడిగేది వాక్యం ఎటు తిరుగుతోందో కనిపెట్టడం. ఒక శాస్త్రవేత్తని పొగుడుతున్నట్టే మొదలై, మధ్యలో ఒక్క 'ఆల్‌దో' వల్ల మొత్తం అడ్డం తిరిగే వాక్యం ఇస్తారు, మూడు ఖాళీలు ఉంటే మూడూ సరిగ్గా పడితేనే మార్కు. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఆరు మాటల్లోంచి, ఖాళీలో పెడితే వాక్యానికి ఒకే అర్థమిచ్చే రెండు ఎంచుకోవాలి, అక్కడ చక్కగా ఒకే అర్థం ఉన్న జంటని ఎరగా పెడతారు, అది ఆ వాక్యానికి అతకదు. లిస్ట్ మొత్తం బట్టీ పట్టినవాడు సరిగ్గా ఆ జంట దగ్గరే దొరికిపోతాడు. బయట డబ్బు కట్టి తీసుకున్న ఒక యాప్‌లో (పేరు వద్దులెండి) ఒకే జవాబు ఉండాల్సిన చోట రెండు జవాబులు సరిపోయే వాక్యాలు బోలెడు కనిపించాయి. అలాంటివి చేసీ చేసీ ఉన్న తర్కం కూడా పోతుంది. ఈటీఎస్ ప్రశ్నల్లో సరైన జవాబు ఎందుకు సరైనదో వాక్యంలోనే ఎక్కడో రాసి ఉంటుంది, వెతికే ఓపిక ఉండాలంతే.

క్వాంట్ గురించి మనవాళ్లకి పెద్దగా చెప్పక్కర్లేదు, ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్లకి సిలబస్ తేలికే. మనవాళ్లు బోల్తా పడేది క్వాంటిటేటివ్ కంపారిజన్‌లో. ఒకవైపు ఎక్స్ స్క్వేర్, ఇంకోవైపు ఎక్స్, ఏది పెద్ద అంటే ఆలోచించకుండా స్క్వేర్ అనేస్తారు. ఎక్స్ 2 అయితే స్క్వేరే పెద్దది, సగం అయితే చిన్నది, 1 అయితే రెండూ సమానం. కాబట్టి ఇచ్చిన సమాచారంతో తేల్చలేం అన్నదే జవాబు. సున్నా, మైనస్ అంకె, భిన్నం పెట్టి చూసే అలవాటు లేకపోతే లెక్కల్లో ఎంత స్పీడున్నా ఏం లాభం?

కొరతలూ ఉన్నాయి. ఉచిత టెస్టులు రెండే, మళ్లీ రాస్తే అవే ప్రశ్నలు, అప్పుడొచ్చే స్కోరుని నమ్మకూడదు. వాటిలో వ్యాసానికి స్కోరు రాదు, అది కావాలంటే డబ్బు కట్టి పవర్‌ప్రెప్ ప్లస్ తీసుకోవాలి. వ్యాసం ఒక్కదాని కోసమైతే నేను కొననివ్వను, ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్లెవరికైనా చూపించుకుంటే చాలు. వెర్బల్‌లో వెనకబడి ఉంటే మాత్రం ప్లస్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు. రెండు ఉచిత టెస్టుల్లో ఒకటి మొదట్లో, రెండోది పరీక్షకి వారం పది రోజుల ముందు రాయమంటాను. మధ్యలో సెక్షన్‌లవారీగా టైమ్ పెట్టుకుని ప్రాక్టీస్ చేసుకోవచ్చు.

స్కోరు మళ్లీ మారాలంటే 21 రోజులు ఆగి ఇంకోసారి రాయొచ్చు, వచ్చిన స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. పరీక్ష రోజున నాలుగు యూనివర్సిటీలకి ఉచితంగా పంపుకోవచ్చు, ఆ పేర్లు ముందే రాసిపెట్టుకోండి. రిజిస్ట్రేషన్‌లో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్ల సంగతి తెలిసిందే కదా, సర్‌నేమ్ గడిలో ఏముందో ఒకసారి చూసుకోండి. వీటన్నిటికంటే ముందు, మీరు వెళ్లాలనుకునే డిపార్ట్‌మెంట్ అసలు జీఆర్ఈ అడుగుతోందో లేదో దాని పేజీలో చూడండి. కోవిడ్ తర్వాత చాలా చోట్ల తీసేశారు, కొన్ని చోట్ల ఐచ్ఛికం చేశారు, ఫీజు కూడా తక్కువేమీ కాదు. మా చెల్లి లిస్టులో సగానికి అక్కర్లేదని తేలింది, మిగతా సగం కోసం రాసింది.