క్రూజ్ కంట్రోల్ బాగుంది, మొగిలి ఘాట్ దాకా

మైలేజీ, సీట్లు, స్క్రీన్ సైజు గురించి ఇక్కడ ఏమీ రాయడం లేదు. అవి బ్రోషర్‌లో చూసుకోవచ్చు. ఇందులో ఉన్నది ఒక్క విషయమే. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో (పెట్రోలు ఇంజనుతో పాటు, ఇంట్లో చార్జ్ చేసుకునే బ్యాటరీ, మోటార్లు ఉన్న కారు) క్రూజ్ (పెడల్ తొక్కకుండానే పెట్టిన వేగాన్ని నిలిపే ఏర్పాటు) వేసుకుని ఘాట్ ఎక్కుతుంటే సగంలో క్రూజ్ వదిలేస్తుంది, దాని వెనకే బండి లాగడమూ మానేస్తుంది. బండి దిగుమతిది, సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది. బ్యాటరీలో పట్టేది సుమారు 12 యూనిట్ల కరెంటు. ఇంజను, రెండు మోటార్లు ఒకే గేరుబాక్సులో కలిసే రకం. పేరు రాయను, ఎందుకంటే ఇదే అమరిక ఉన్న బండి ఏదైనా ఇలాగే ప్రవర్తించే వీలుంది.

ముందు మంచి మాట. తిరుపతి నుంచి నాయుడుపేట వైపు, చదును రోడ్డు మీద క్రూజ్‌కు వంక పెట్టలేం. 80 దగ్గర పెడితే 80 మీదే ఉంటుంది. మోటారు, ఇంజను ఎప్పుడు మారాయో లోపల కూర్చున్నవాళ్ళకు తెలియదు. ఇది అడాప్టివ్ క్రూజ్, అంటే ముందు వెళ్ళే కారు నెమ్మదిస్తే రాడార్‌తో కనిపెట్టి ఇదీ నెమ్మదిస్తుంది. అయితే ఆగి ఉన్నవాటి విషయంలో దీన్ని నమ్మకండి. ఇలాంటి రాడార్లలో చాలావాటికి కదిలే బండ్లే సరిగ్గా కనిపిస్తాయి. హైవే వేగంలో ఉన్నప్పుడు, రోడ్డు పక్కన నిలబడిపోయిన వాటిని పట్టించుకోకపోవచ్చు. మామిడి సీజన్‌లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. వెనక లైటు ఉండదు, రిఫ్లెక్టరు ఉండదు, ట్రాలీ దాటి కర్రలు బయటికొచ్చి ఉంటాయి. ఆ రెండు నెలలూ ఆ దారిలో చీకటి పడ్డాక క్రూజ్ జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

ఇక అసలు గొడవ. చిత్తూరు నుంచి బంగారుపాళ్యం దాటి పలమనేరు వైపు వెళ్తే మొగిలి ఘాట్ వస్తుంది. మే నెల మధ్యాహ్నం, నలుగురు మనుషులు, సామాను, ఏసీ ఫుల్లు, క్రూజ్ 80 మీద. ఎక్కుడు మొదలయ్యాక కాసేపు ఏ తేడా తెలియదు. తర్వాత ఇంజను శబ్దం పెరుగుతుంది, వేగం మాత్రం అదే. అంతలో టంగుమని ఒక మోత. క్రూజ్ గుర్తు ఆరిపోతుంది, పసుపు రంగులో హైబ్రిడ్ సిస్టమ్ హెచ్చరిక వెలుగుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను ఊళ వేస్తుంది కానీ ముల్లు 70, 60, 45 అంటూ కిందికే. వెనక ఎర్రరాళ్ళ లోడుతో వచ్చే లారీకి ఇదంతా తెలియదు, అది హారను కొట్టుకుంటూ మీదికొస్తుంది.

పక్కకు తీసి పావుగంట ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది. ఈ జబ్బులో అతి చెడ్డ లక్షణం ఇదే. వర్క్‌షాపుకు చేరేసరికి బండి ఆరోగ్యంగా ఉంటుంది. "అంతా ఓకే సార్" అని తాళం చేతికిస్తారు.

ఎక్కుడులో బలం ఎంత కావాలో ఒక లెక్క చూడండి. మనుషులతో కలిపి 2 టన్నుల బండి, నూరు మీటర్లకు అయిదు మీటర్లు లేచే రోడ్డు, వేగం గంటకు 80 కి.మీ. చదునులో ఈ వేగానికి 10 కిలోవాట్లు సరిపోతాయి. ఎక్కుడులో బరువును పైకి మోయడానికే ఇంకో 22 కావాలి. ఏసీ కూడా కలిస్తే మొత్తం మూడింతలు దాటుతుంది. కాలితో తొక్కేవాళ్ళకు పెడల్ బరువెక్కుతున్న సంగతి అరికాలికి తెలుస్తుంది, సహజంగానే 60కి దిగుతారు. క్రూజ్‌కు అరికాలు లేదు. 80 అంటే 80 అని అడుగుతూనే ఉంటుంది, బ్యాటరీని పిండుతూనే ఉంటుంది, ఇవ్వడానికి ఇక ఏమీ లేదని తెలిసిన క్షణాన మొత్తం డ్రైవరు మీద పడేసి తప్పుకుంటుంది. నా కోపం వదిలేసినందుకు కాదు, ముందుగా చెప్పనందుకు. లోపల ఉష్ణోగ్రతలన్నీ కంప్యూటరుకు తెలుసు. "వేగం తగ్గించు" అని ఒక్క ముక్క స్క్రీన్ మీద వేయడానికి ఏం పోయిందో!

ఇంజను బాగానే ఉంది కదా, మరి అదైనా ఎందుకు లాగదు? చాలామంది మెకానిక్కులు తికమకపడేది ఇక్కడే. ఈ రకం గేరుబాక్సులో మామూలు గేర్లు ఉండవు. ఇంజను బలం చక్రాలకు చేరాలంటే ఒక మోటారు ఎదురు పట్టి నిలవాలి. ఆ మోటారును నడిపించేది ఇన్వర్టరు, అంటే బ్యాటరీ కరెంటును మోటారుకు పనికొచ్చేలా మార్చే పెట్టె. అది వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి మోటారు బలం తగ్గిస్తుంది. ఎదురు పట్టేవాడు సడలితే అవతలివాడు ఎంత లాగినా లాభం లేదు కాబట్టి కంప్యూటరు ఇంజనునూ తగ్గించేస్తుంది. అందుకే ఫ్యూయల్ పంపు, స్పార్కు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు మార్చినంత మాత్రాన ఇది పోదు.

ఈ బండికి మొదట రాడార్ తుడిచారు. తర్వాత బ్రేకు పెడల్ స్విచ్ మార్చారు. ఆ తర్వాత లైట్లను, కంప్యూటర్లను నడిపే చిన్న 12 వోల్టుల బ్యాటరీ. ఒక్కోదానికీ బిల్లు వచ్చింది, జబ్బు మాత్రం పోలేదు. చివరికి దారి చూపింది స్కానర్, అంటే బండి కంప్యూటరు దాచుకున్న తప్పుల కోడ్‌లు చదివే పరికరం. అందులో దొరికిన కోడ్ పీ0ఏ93, అంటే ఇన్వర్టరు చల్లబడే పద్ధతి సరిగా పనిచేయడం లేదని. ఈ కోడ్ ముందూ ఉండే ఉంటుంది. వర్క్‌షాపుల్లో బండి రాగానే కోడ్‌లు చెరిపేసి, మళ్ళీ వస్తాయేమో చూద్దాం అంటారు. అలా చేయనివ్వకండి. కోడ్‌తో పాటు అది పడ్డ క్షణంలో వేగం, ఉష్ణోగ్రత, ఇంజను తిరిగే వేగం ఒక పటంలా నిలిచి ఉంటాయి. చెరిపితే అవీ పోతాయి. ముందు స్క్రీన్ ఫొటో తీసుకోండి, తర్వాతే ఏదైనా.

తప్పు దొరికింది ఇన్వర్టరు కూలెంట్ పంపులో, అంటే ఇన్వర్టరును చల్లబరిచే ద్రవాన్ని తిప్పే పంపులో. దీనికి ఇంజను రేడియేటరుతో సంబంధం లేదు. విడిగా చిన్న ట్యాంకు, విడిగా ఒక కరెంటు పంపు ఉంటాయి. పంపు పూర్తిగా చావలేదు, నీరసించింది. చదును రోడ్డుకు ఆ నీరసం సరిపోతుంది, అందుకే నాయుడుపేట దారిలో ఎంత తిప్పినా బయటపడదు. పైగా ఈ బండిలో ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సరు ముందు, ఇన్వర్టరు రేడియేటరు దాని వెనక. ఏసీ వదిలిన వేడిగాలే దీనికి దిక్కు. మే నెలలో, నిలువు ఎక్కుడులో, ఏసీ ఫుల్లులో మాత్రమే జబ్బు బయటికి రావడానికి కారణం అది.

పంపును ఇంట్లోనే ఓ మాదిరిగా పరీక్షించవచ్చు. బండి చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, రెడీ లైటు (బండి నడవడానికి సిద్ధమని చెప్పేది) వెలిగేలా ఆన్ చేసి, ఇన్వర్టరు ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూడండి. లోపల ద్రవం సుడి తిరుగుతూ కదలాలి. నిలకడగా ఉంటే పంపు తిరగడం లేదు. సుడి ఉన్నా మరీ నెమ్మదిగా ఉంటే అనుమానించాలి. పంపు మార్చే ముందు దాని ఫ్యూజు, రిలే, కనెక్టరు చూడమనండి. కనెక్టరు పిన్నులు పచ్చగా తుప్పు పట్టినా లక్షణాలు ఇవే. నారింజ రంగు వైర్ల మీద మాత్రం చేయి పెట్టొద్దు. అవి వందల వోల్టులవి. సర్వీసు ప్లగ్ తీసి కనీసం 10 నిమిషాలు ఆగాకే శిక్షణ ఉన్నవాళ్ళు ముట్టుకోవాలి.

కొత్త పంపు వేశాక కూడా ఒకసారి జబ్బు తిరిగొచ్చింది. లోపల గాలి ఉండిపోవడం వల్ల. ఈ పైపుల్లో గాలి బుడగ చిక్కితే పంపు తిరుగుతున్నా ద్రవం నడవదు. బండి ముక్కు కాస్త ఎత్తుగా ఉండేలా నిలిపి, స్కానర్ ద్వారా పంపును తిప్పుతూ, మట్టం పడినప్పుడల్లా పోస్తూ, బుడగలు పూర్తిగా ఆగేదాకా ఓపిక పట్టాలి. పోసేది కంపెనీ చెప్పిన రకం కూలెంటే. మన బోరు నీళ్ళు పోస్తే సన్నని దారుల్లో ఉప్పు పేరుకుంటుంది, అది పంపు ఖర్చుతో పోయేది కాదు. రేడియేటరు రెక్కల్లో ఇరుక్కున్న పురుగులు, దుమ్ము కూడా ఒత్తిడి తక్కువగా ఉన్న నీటితో కడిగించండి. ప్రెషర్ వాష్ గట్టిగా కొడితే రెక్కలు వంగిపోతాయి.

క్రూజ్ పోయిన ప్రతిసారీ పంపే అనుకోకూడదు. క్రూజ్ ఒక్కటే పోయి, లాగుడు మామూలుగా ఉంటే రాడార్ ముందు బురదో, బ్రేకు స్విచ్చో కారణం కావచ్చు. రాత్రి గోడకు వెనకవైపు పెట్టి నిలిపి, పెడల్ తొక్కకుండా బ్రేకు లైట్లు మినుకుమంటున్నాయా చూడండి. పీ0571 కోడ్ కూడా బ్రేకు స్విచ్ చుట్టుపక్కలదే. హెచ్చరిక లైటు ఏదీ లేకుండా లాగుడు మాత్రం కొంచెం మెత్తబడితే, పెద్ద బ్యాటరీ అట్టడుగుకు చేరిందని అర్థం. అది జబ్బు కాదు. బంగారుపాళ్యం రాకముందే చార్జ్ హోల్డ్ (బ్యాటరీని వాడకుండా దాచే బటన్) నొక్కి, ఘాట్ మొదట్లో 30 శాతం మిగిలేలా చూసుకుంటే తీరిపోతుంది. ఒకదానికొకటి సంబంధం లేని హెచ్చరికలు గుంపుగా వస్తే 12 వోల్టుల బ్యాటరీని చూడాలి. రాత్రంతా ఆగి ఉన్నాక 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12కి పడితే అది బాగా ఖాళీ అయిందనో, పాడైందనో అర్థం. ఇలాంటి చాలా బండ్లలో ఇంజనును తిప్పేది ఈ బ్యాటరీ కాదు, అందుకే మామూలు కారులో లాగా స్టార్టింగులో మూలిగి ముందే చెప్పదు.

ఘాట్ మధ్యలో హెచ్చరిక వస్తే నేలకు అంటేలా తొక్కడం వల్ల వేడి పెరగడం తప్ప ప్రయోజనం లేదు. హజార్డ్ లైట్లు వేసి, ఎడమకు జరిగి, వెడల్పు ఉన్నచోట ఆపి, ఏసీ కట్టేసి, బానెట్ ఎత్తండి. ఎర్ర లైటు వెలగకపోతే బండిని పూర్తిగా ఆఫ్ చేయకుండా పార్కులో రెడీగానే ఉంచండి. ఆఫ్ చేస్తే ఉన్న కాస్త పంపూ, ఫ్యానూ ఆగిపోతాయి.

ఇంత తిట్టాక తిరుమల సంగతి చెప్పకపోతే అన్యాయం. పైకి వెళ్ళే రోడ్డులో ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. అక్కడ కనీసం 28 నిమిషాలు పట్టాలన్న నియమం ఉంది కాబట్టి ఎవరూ తరమరు, క్రూజ్ అవసరమే రాదు, ఇన్వర్టరుకు ఊపిరి ఆడుతుంది. ఒక మోస్తరుగా ఆరు యూనిట్లు ఖర్చవుతాయి. దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు, దానికి కనీసం 40 నిమిషాలు. బీ మోడ్‌లో (దిగుడులో మోటారే బ్రేకులా పట్టే గేరు స్థానం) పెడితే మలుపు మలుపుకూ బండి తనను తానే పట్టుకుంటుంది. బ్రేకు డిస్కుల మాడు వాసన ఉండదు. అలిపిరి చేరేసరికి దాదాపు ఒకటిన్నర, రెండు యూనిట్లు తిరిగి బ్యాటరీలో ఉంటాయి. ఇంత బాగా ఘాట్ దిగే పెట్రోలు బండి నాకు తెలియదు.

అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. బ్యాటరీ నిండుగా ఉంటే దిగుడులో వచ్చే కరెంటుకు చోటు ఉండదు. అప్పుడు మోటారు పట్టు సడలి, బండి ఇంజనును గిర్రున తిప్పి వేగం ఆపుతుంది. ఆ రొదకు పక్క సీట్లో వాళ్ళు భయపడతారు, కానీ అది పాడవడం కాదు. దిగే ముందు మూడో వంతు ఖాళీ ఉండాలి. వంపుల్లో అడాప్టివ్ క్రూజ్ మాత్రం ఎక్కడా వద్దు, పలమనేరు దారైనా, భాకరాపేట ఘాట్ అయినా. మలుపులో ముందు బండి రాడార్ చూపు దాటగానే దారి ఖాళీ అనుకుని వేగం పెంచుతుంది.

కొనొచ్చా అంటే, అది ఇంటి గుమ్మాన్ని బట్టి ఉంటుంది. తిరుపతిలో సొంత పోర్టికో, అందులో 16 ఆంపియర్ల సాకెట్, రోజుకు 30 కి.మీ. లోపు తిరుగుడు, అప్పుడప్పుడు కొండ ఉన్నవాళ్ళకు ఇది సుఖమైన బండి. చార్జింగ్ తెల్లవారుజామున ముగిసేలా టైమరు పెట్టుకుంటే బ్యాటరీ చల్లగా బయల్దేరుతుంది. వారం వారం బెంగళూరు వెళ్ళేవాళ్ళకు, అపార్టుమెంటు సెల్లారులో ప్లగ్గు దొరకని వాళ్ళకు నేనైతే చెప్పలేను. దీని సంగతి తెలిసిన చేయి కావాలంటే చెన్నైకో బెంగళూరుకో పోవాలి. పంపు ధర ఒక ఎత్తు, అది వచ్చేదాకా బండి లేకుండా గడపడం ఇంకో ఎత్తు. పంపు మార్చి, గాలి తీయించాక ఈ బండి మొగిలి ఘాట్‌లో మళ్ళీ మొరాయించలేదు. అయినా అక్కడ క్రూజ్ వేయడం లేదు, 60 మీద కాలితోనే నడుస్తోంది.

సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవాళ్ళు టెస్ట్ డ్రైవ్‌ను ఊళ్ళో, బైపాస్ మీద ముగించొద్దు. ఎండ వేళ, ఏసీ ఫుల్లులో, బ్యాటరీ తక్కువగా ఉన్నప్పుడు, స్కానర్ తగిలించుకుని ఒక ఘాట్ ఎక్కించి చూడండి. అమ్మేవాళ్ళు దానికి నసిగితే బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి.