బండల లోడుకు రాచెట్ బెల్టు: చాన్నాళ్లు వాడాక

నాది డీసీఎం లారీ. తాండూరు నుంచి మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు బండలు తోలుతాను, మధ్యమధ్యలో బియ్యం బస్తాలు. తాళ్లు మానేసి రాచెట్ బెల్టులకు, అంటే హ్యాండిల్ ఆడిస్తే బిగుసుకునే పాలిస్టర్ పట్టీలకు, మారాక నాకు ప్రాణం లేచొచ్చింది ఒక్కదానికే: దారిలో మళ్లీ బిగించుకోవచ్చు. ఎంత గట్టిగా కట్టినా కాస్త దూరం పోయేసరికి లోడు సర్దుకుని కట్టు వదులవుతుంది. తాడైతే ముడి విప్పి ఇద్దరు వేలాడి లాగాలి. రాత్రిపూట, వానలో ఆ పని ఎవరు చేస్తారు? దేవుడి మీద భారం వేసి పోనిస్తారు. బెల్టయితే కింద నిలబడి హ్యాండిల్ నాలుగుసార్లు ఆడిస్తే సరి. క్లీనర్ లేకుండా తిరిగేవాడికి ఇది చాలా పెద్ద సంగతి.

అయితే బండల అంచు వేరే లెక్క. బండలను నిలువుగా పేరుస్తారు కదా, బెల్టు సరిగ్గా కోసిన అంచు మీదే వంగుతుంది. ఒకసారి కొడంగల్ దాటి కోస్గిలో చాయ్‌కి ఆగాం. దించడానికి వెంట వస్తున్న హమాలీ బండి చుట్టూ తిరిగి, "అన్నా, నడిమి బెల్టు పోగులు లేసినయ్, సూడు" అన్నాడు. ఎక్కి చూస్తే వెడల్పులో మూడో వంతు తెగిపోయి ఉంది. గుండె జారిపోయింది. బిగుతు మీదున్న పాలిస్టర్ అంచు దగ్గర తెగడం మొదలైతే ప్రతి గుంతకూ ఇంకాస్త తెగుతుంది. అమ్మిన షాపువాడు మూలలకు గార్డులు పెట్టాలని ఒక్క ముక్క చెప్పలేదు, ఇవ్వనూ లేదు. ఆ కోపం ఇప్పటికీ ఉంది. స్పేర్ బెల్టు వేసి, పక్కన పంక్చర్ షాపులో పాత టైరు ముక్కలు కోయించి ప్రతి మూలకూ పెట్టాను. అప్పటి నుంచి టైరు ముక్కలు అరుగుతున్నాయి, బెల్టులు బాగున్నాయి.

కొనేటప్పుడు "5 టన్నులు" అన్న మాట విని తృప్తి పడొద్దు. చాలా 50 మిల్లీమీటర్ల బెల్టులకు అది చుట్టి కట్టినప్పటి లెక్క, నేరుగా లాగితే అందులో సగమే. పైగా లోడు మీద నుంచి కట్టే మనకు పనికొచ్చేది లేబుల్ మీద ఎస్‌టీఎఫ్ అని ఉండే అంకె. హ్యాండిల్‌తో ఎంత బిగుతు వస్తుందో అది చెబుతుంది. లేబుల్ లేని బెల్టు చవగ్గా వచ్చినా నేను ముట్టను.

బెల్టు ఉంది కదా అని క్యాబిన్ వెనకుండే ముందు పలకకూ బండలకూ మధ్య ఖాళీ వదలకూడదు. గట్టి బ్రేకు పడితే లోడు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు తోస్తుందని లెక్కేసి కట్టమంటాయి యూరప్ ప్రమాణాలు. పై నుంచి నొక్కే రెండు మూడు బెల్టులు ఒంటరిగా దాన్ని ఆపలేవు.

కొత్తలో తాళ్లు ఇక దండగ అని అందరితో అన్నాను. ఇప్పుడు సీటు వెనక రెండు తాళ్లు ఉంటున్నాయి, బస్తాల మీద టార్పాలిన్‌కు అవే నయం. సొంత బండి నడుపుకుంటూ బండలో ఇనుమో తోలేవాళ్లయితే కొనండి. డ్రైవర్లు మారుతుండే బండ్లకు మాత్రం నేను గట్టిగా చెప్పలేను, ఆ టైరు ముక్కలు ప్రతిసారీ ఎవరు పెడతారన్నదే నా అనుమానం.