పాత గులాబీ పేరు తేలాలంటే ఏది మేలు: పువ్వా, ఆకా, పూత లెక్కా?

హనుమకొండలో మా గేటు పక్కన గులాబీ పూసినప్పుడల్లా ఎవరో ఒకరు ఆగి అడుగుతూనే ఉంటారు, ఇది అత్తరు తీసే డమాస్క్ గులాబీయేనా అని. తమ పెరట్లోని పువ్వును ఫోటో తీసి పంపి, దీని పేరేమిటో చెప్పమనేవారు ఇంకొందరు. ఆ మొక్క నర్సంపేట దగ్గరి మా అమ్మమ్మ ఊళ్లో, బావి గట్టు మీది పొద నుంచి తెచ్చిన కొమ్మ. అమ్మమ్మ దాన్ని పన్నీరు పువ్వు అనేది. నిరుడు ఒక నర్సరీలో డమాస్క్ అని చీటీ కట్టిన మొక్క కనబడితే కొని, దాని పక్కనే నాటాను. రెండింటినీ ఏడాది పొడవునా చూశాను కనుక ఇప్పుడు కొంత ధైర్యంగా చెప్పగలను.

ముందు పన్నీరు అన్న పేరు సంగతి. అది వాడుకను బట్టి వచ్చిన పేరే తప్ప రకం పేరు కాదు. వాసన గల నాటు గులాబీ ఏదైనా మన ఇళ్లలో పన్నీరు గులాబీయే అవుతుంది. అసలు డమాస్క్ కావచ్చు, ఎడ్వర్డ్ గులాబీ కావచ్చు. మన వైపు తరచూ తికమక పెట్టేవి ఈ రెండే. 1817 ప్రాంతంలో హిందూ మహాసముద్రంలోని బూర్బన్ దీవిలో, అంటే నేటి రీయూనియన్‌లో, కొత్త గులాబీ ఒకటి కంటపడింది. అక్కడ కంచెలుగా పెంచిన చైనా గులాబీ, ఏడాదిలో రెండోసారి కూడా పూసే డమాస్క్ కలిసి అది పుట్టిందని చెబుతారు. ఎడ్వర్డ్ ఆ వంశానిదే. తల్లిదండ్రుల్లో ఒకటి డమాస్కే కాబట్టి పువ్వుల్లో పోలిక ఉండటంలో వింత లేదు.

అందుకే పువ్వును చూసి పేరు పెట్టడం మీద నాకు నమ్మకం తక్కువ. రెండూ గులాబీ రంగే, రెండూ రేకులు దట్టంగా ఉండేవే, రెండింటికీ మంచి వాసనే. పైగా మన ఎండలో పువ్వు ఒక్కపూటలోనే రూపు మారుతుంది. జనవరి పువ్వుకున్న నిండుదనం ఏప్రిల్ పువ్వుకు ఉండదు. పువ్వు ఖచ్చితంగా సాయపడే సందర్భం ఒకటుంది. పొద్దున లేత రంగులో విచ్చుకున్న రేకులు ఎండ తగిలిన కొద్దీ వెలిసిపోకుండా ముదురుతుంటే, అది చైనా గులాబీ అని అనుమానించవచ్చు. దానికి ముళ్ళు తక్కువ, ఆకు నున్నగా ఉంటుంది, వాసన స్వల్పం.

పువ్వు కన్నా ఆకు మేలు. డమాస్క్ ఆకు పైన మెరుపు ఉండదు, బూడిద పూసినట్లున్న ఆకుపచ్చ. అడుగున వేలితో రాస్తే సన్నని నూగు తగులుతుంది. కొమ్మ నిండా చిన్నా పెద్దా ముళ్ళు కలగలిసి ఉంటాయి. ఎడ్వర్డ్‌లో చైనా వంశం కూడా ఉంది కనుక ఆకు కొంత నునుపు, ముళ్ళు అంత దట్టం కావు. ఆకు తొడిమ మొదట్లో రెండు పక్కలా అంటుకొని ఉండే సన్నని రెక్కల్లాంటి పుచ్ఛాలను కూడా చూడండి. వాటి అంచులు దువ్వెన పళ్లలా చీలి ఉంటే అది గుత్తులుగా పూసే మల్టీఫ్లోరా గులాబీ వంశం, డమాస్క్ మాట మరిచిపోవచ్చు. మా రెండు మొక్కల ఆకులు తెంపి తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టినప్పుడు నాకు మొదటి అనుమానం వచ్చింది. ఏది ఏ మొక్కదో చెప్పలేకపోయాను.

అయినా తీర్పు చెప్పింది పూత లెక్కే. నోటు పుస్తకంలో నెలకొక గీత గీసి, మొగ్గ కనబడిన రోజు, పువ్వు రాలిన రోజు రాసుకున్నాను. ఉత్తరాదిన హాథ్రస్ వైపు అత్తరు కోసం పెంచే డమాస్క్ తోటలు మార్చి, ఏప్రిల్ నెలల్లో కొన్ని వారాలు విరగబూసి, తక్కిన ఏడాదంతా ఆకులతోనే ఉంటాయి. అది చలిని కోరే మొక్క. ఓరుగల్లులో చలి ఎన్నాళ్లు ఉంటుంది? నా రెండు మొక్కలూ మార్చిలో పూశాయి, మేలో ఆకు మాడి ఆగాయి, వానలు పడ్డాక జూలైలో మళ్లీ మొగ్గ వేశాయి. అక్టోబరులో కత్తిరిస్తే నెలన్నరకు మళ్లీ పూత. ఇలా తిరిగి తిరిగి పూసేదాన్ని ఏడాదికొకసారి పూసే డమాస్క్ అనడం కుదరదు. రెండోసారి పూసే డమాస్క్ కూడా ఉంది నిజమే, కానీ దాని ఆకు అడుగున నూగు ఉంటుంది, మా వాటికి లేదు. అమ్మమ్మ పన్నీరు పువ్వూ, చీటీ కట్టిన డమాస్కూ రెండూ ఎడ్వర్డే అన్న నిర్ణయానికి వచ్చాను.

ఈ పొరపాటు ఇంత తరచుగా ఎందుకు జరుగుతుందో కూడా చెప్పాలి. ఎడ్వర్డ్ మొండి మొక్క, కొమ్మ గుచ్చితే వేరు పోస్తుంది. అందుకే పెద్ద పువ్వుల గులాబీలకు దాన్ని వేరు మూలంగా వాడతారు, అంటే దాని మొదలు మీద వాటిని అంటు కడతారు. ఎండలకు పైన కట్టిన అంటు చచ్చిపోతుంది, కింది మొదలు నుంచి చిగురు లేస్తుంది. చీటీ మాత్రం అలాగే వేలాడుతుంది. ‘ఎర్ర గులాబీ కొన్నాం, రెండేళ్లకు రంగు మారింది’ అని బాధపడేవారి ఇంట జరిగింది ఇదే. మట్టి కొంచెం తీసి, అంటు కట్టిన చోటి ఉబ్బుకు కింది నుంచి కొమ్మ వచ్చిందా, పై నుంచి వచ్చిందా అని చూస్తే అక్కడికక్కడే తేలిపోతుంది.

ఫోన్ యాప్ మా మొక్కకు మూడు రోజుల్లో మూడు పేర్లు చెప్పింది. డీఎన్ఏ పరీక్ష గొప్పదే. డమాస్క్ మూడు అడవి జాతుల కలయిక అని 2000లో బయటపడింది దానివల్లే. పెరటి మొక్కకు మాత్రం అందుబాటులో ఉండదు. ముదురు ఎరుపు రంగులో, మెడ వంచినట్టు పూసేదైతే 1897 నాటి గ్రుస్ ఆన్ టెప్లిట్జ్ అనే రకం కావచ్చు. దాని గురించి ఇంకోసారి.

నాటడానికి ఏది మేలని అడిగితే మన ఊరికి ఎడ్వర్డే అంటాను. వాసన ఉంది, దేవుడికీ దర్గాకూ ఇవ్వడానికి ఏడాదిలో ఎక్కువ నెలలు పువ్వు ఉంటుంది. డమాస్క్ అన్న పేరు కోసం ఎక్కువ ధర పెట్టకండి. ఫోటోలు పంపేవారికి ఒక మనవి: పువ్వు ఒక్కటే తీయకండి. ఆకు అడుగు, ముళ్ళున్న కొమ్మ, నేల దగ్గరి మొదలు కూడా తీయండి. కిందటి ఏడాది ఏయే నెలల్లో పూసిందో గుర్తున్నంతవరకు రాసి పంపండి.