45 పౌండ్ల వింగ్ పక్కన పడేసి 28కి మారాక

ముందే చెప్పేస్తున్నా, ఇది 28 పౌండ్ల సింగిల్ ట్యాంక్ వింగ్ మీద రివ్యూ (స్కూబా డైవింగ్‌లో తేలడానికి గాలి నింపుకుని వీపుకి కట్టుకునే సంచీ వింగ్, పౌండ్లంటే అది నీళ్ళలో లేపగల బరువు, దాన్నే లిఫ్ట్ అంటారు), నాది ఎక్స్‌డీప్ జియోస్, కానీ కంపెనీ గురించి కన్నా ఆ 28 అనే నంబర్ గురించే ఎక్కువ రాస్తా, ఎందుకంటే నేను డబ్బులు తగలేసింది ఆ నంబర్ దగ్గరే.

రెండేళ్ళ క్రితం మామూలు జాకెట్ బీసీడీ (గాలి నింపుకునే జాకెట్టు) నుంచి వీపుకి కట్టే లోహపు రేకు లాంటి బ్యాక్‌ప్లేట్, వింగ్‌కి మారదాం అనుకున్నా. షాపతను 45 పౌండ్లది అంటగట్టాడు. "లిఫ్ట్ ఎక్కువుంటే సేఫ్టీయే కదా సార్, రేపు ట్విన్ ట్యాంకులకి వెళ్ళినా ఇదే పనికొస్తుంది" అన్నాడు. పెరిగే పిల్లాడికి రెండు సైజులు ఎక్కువ చొక్కా కొనే ఇంట్లో పుట్టా కాబట్టి నాకూ నిజమే అనిపించింది. నేను డైవ్ చేసేదేమో ఏడాదికి రెండు ట్రిప్పులు, హైదరాబాద్ నుంచి అండమాన్, హావ్‌లాక్‌లో, ఒక్క అల్యూమినియం ట్యాంకు, 3 ఎంఎం ఫోమ్ సూట్, నీళ్ళు 28 డిగ్రీల చుట్టుపక్కల. ఇంతమాత్రానికి 45 ఎందుకని అతనూ చెప్పలేదు నేనూ అడగలేదు.

45 పౌండ్లంటే 20 కేజీలు. అంటే నిండా గాలి కొడితే 20 లీటర్ల నీళ్ళని పక్కకి తోస్తుంది. మన ఇళ్ళకి వచ్చే వాటర్ క్యాన్ ఉంది చూడండి, అంత సంచీ వీపుకి కట్టుకుని దిగానన్నమాట, అందులో నాకు కావాల్సిందేమో నాలుగైదు లీటర్ల గాలి.

హావ్‌లాక్‌లో డైవ్ చేసే డిక్సన్స్ పినాకిల్ దగ్గర మొదటి డైవ్‌లోనే తేలిపోయింది (తేలడం అంటే ఆ తేలడం కాదు). అది ట్విన్ ట్యాంకుల వెడల్పుకి కుట్టిన వింగు, సింగిల్ ట్యాంకు పెట్టేసరికి రెండు రెక్కలూ పైకి లేచి ట్యాంకు చుట్టూ మడతపడిపోయాయి. మా డైవ్‌మాస్టర్ పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టిన తెలుగబ్బాయి, వాళ్ళ తాతలది శ్రీకాకుళం వైపట, బోటెక్కగానే "ఏటన్నా ఆ వింగు, వీపు మీద దోసె మడతెట్టినట్టుంది" అన్నాడు. నవ్వుకున్నాం గానీ కింద నాకు నవ్వు రాలేదు. పైకొచ్చే ముందు సేఫ్టీ స్టాప్ అని 5 మీటర్ల దగ్గర కాసేపు ఆగాలా, కొంచెం పైకి లేస్తున్నట్టుంది కదా అని గాలి వదిలే కింది డంప్ వాల్వ్ తాడు లాగాను, ఏమీ రాలేదు, గాలంతా రెండో పక్క మడతలో ఇరుక్కుంది, అటు ఒరిగి మళ్ళీ లాగితే ఒక్కసారిగా బుడబుడమని మొత్తం పోయింది, రెండు మీటర్లు కిందకి జారా, మళ్ళీ గాలి కొట్టు, మళ్ళీ లేవడం. చివరికి యాంకర్ తాడు పట్టుకుని మూడు నిమిషాలు బస్సులో నిలబడ్డట్టు నిలబడ్డా.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, వింగ్ పెద్దదైనంత మాత్రాన అది మనల్ని పైకి లాగేయదు, ఎంత గాలి కొడితే అంతే లేపుతుంది. ఇబ్బంది ఏంటంటే మిగిలిన ఖాళీ గుడ్డ. అది నీళ్ళకి అడ్డం పడుతుంది, లోపలి గాలి అటూ ఇటూ పరిగెడుతుంది. గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ ఎప్పుడైనా ఇరుక్కుపోయిందనుకోండి, అప్పుడు మాత్రం 20 లీటర్లకీ 12 లీటర్లకీ తేడా బాగానే తెలుస్తుంది.

ఇంటికొచ్చాక లెక్కేశా. సూట్‌ని వల సంచీలో కుక్కి, బాత్‌రూమ్‌లో డ్రమ్ము నింపి, లోపల గాలి బుడగలన్నీ పిండి, డైవ్‌లో మునగడానికి కట్టుకునే సీసం ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ పోయా. అమ్మ తలుపు దగ్గర నిలబడి "ఒరేయ్, దుప్పట్లు ఉతుకుతున్నావనుకుని మురిసిపోయా కదరా" అంది. రెండు కేజీల చిల్లర పడ్డాక మునిగింది. అంటే నా 3 ఎంఎం సూట్ పైన ఇచ్చే తేలుడు అంతే. 30 మీటర్ల కింద 4 బార్ల ప్రెషర్‌కి ఆ ఫోమ్ నలిగి చాలావరకు పోతుంది, నేను మొత్తం పోయిందనే రాసుకున్నా, ఆ లోటు వింగే పూడ్చాలి. ఇంక గాలి బరువు. 11 లీటర్ల ట్యాంకులో 200 బార్లంటే 2200 లీటర్ల గాలి, లీటరు 1.2 గ్రాములు, అంటే 2.6 కేజీలు. ట్యాంకు ఖాళీ అయ్యాక కూడా 5 మీటర్ల దగ్గర ఆగగలిగేలా సీసం పెట్టుకుంటాం కాబట్టి దిగేటప్పుడు ఈ 2.6 మన మీద అదనం. రెండూ కలిపితే 5 కేజీల లోపే.

పైకొచ్చాక తల నీళ్ళ బయట పెట్టుకోవాలి కదా, దానికి ఇంకో 5 వేసుకోండి, అప్పుడు సూట్ మళ్ళీ ఉబ్బే ఉంటుంది కాబట్టి నిండు ట్యాంకుతో అయినా 8 కేజీల లోపే. ఇంకొకటి, మనం లేకుండా ఒట్టి సామాన్లు తేలాలి, బోటు పక్కన నీళ్ళలో విప్పి ఇచ్చినప్పుడు మునిగిపోతే గోవిందా. స్టీల్ బ్యాక్‌ప్లేటు, ఊపిరి పీల్చుకునే రెగ్యులేటర్, నిండు ట్యాంకు, కాస్త సీసం అన్నీ కట్టి స్విమ్మింగ్ పూల్‌లో తాడుకి వేలాడదీసి, పైన లగేజీ తూచే కాటా తగిలిస్తే 5 కేజీలు చూపించింది. ఎటు చూసినా 8 దాటలేదు, 28 పౌండ్లంటే 12.7 కేజీలు. అలలకీ టార్చికీ కూడా బోలెడు మిగులు. 45లో సగానికి పైగా నేను ఊరికే మోసా.

28తో ఇప్పటికి రెండు ట్రిప్పులు అయ్యాయి. ట్యాంకు పక్కన అతుక్కుని ఉంటుంది, తాడు లాగితే గాలి అప్పుడే పోతుంది, ఎంత కావాలంటే అంత. సేఫ్టీ స్టాప్‌లో చేతులు కట్టుకుని ఉన్నా. నాకు ఐదు నక్షత్రాల సరుకు.

కానీ నా లెక్క చూసి మీరూ 28 ఆర్డర్ పెట్టేయకండి. మా బాబాయి కొడుకు సియాటిల్‌లో ఉంటాడు, వాడు దూకేది పది డిగ్రీల నీళ్ళలో, 7 ఎంఎం సూట్, తలకి హుడ్డూ, వాడి సూట్ తేలుడే 9 కేజీలొచ్చింది, లోతుకెళ్తే అందులో చాలావరకు పోతుంది, గాలి బరువు కలిపితే 28 అంచు మీదకొచ్చేస్తుంది. వాడు 40 వాడతాడు, వాడికదే కరెక్ట్. హాల్‌సియన్ అనే ఇంకో కంపెనీ ఎక్లిప్స్ వింగ్ 20, 30, 40 అని మూడు రకాలు అమ్మేదీ, జియోస్‌లోనే 38 ఇంకొకటి ఉండేదీ ఇందుకే. ఇంకో రకం వాళ్ళుంటారు, పల్చటి సూట్‌కి స్టీల్ ప్లేటూ, ఖాళీ అయినా మునిగే స్టీల్ ట్యాంకూ కట్టేసి, బరువెక్కువైంది కాబట్టి పెద్ద వింగ్ కావాలంటారు. అయ్యా, ముందు ప్లేటు అల్యూమినియంది వేయండి, ఒక్కదెబ్బకి కేజీన్నర పైనే తగ్గుద్ది.

అన్నట్టు పూల్‌లో చూసుకున్న సీసం సముద్రానికి చాలదు, ఉప్పునీళ్ళు బరువెక్కువ, మనిషీ సామానూ కలిపి వంద కేజీలుంటే ఇంకో రెండున్నర కేజీలు పడుతుంది. మొదటిసారి ఇది మర్చిపోయి బోటు పక్కన బెండులా తేలుతూ ఉన్నా.

పాత 45 అటక మీదే ఉంది, నాలుగు డైవ్‌లు కూడా చేయలేదు. నిజంగా ట్విన్ ట్యాంకులు వాడేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, హైదరాబాద్‌లో అయితే ఇంటికొచ్చి పూల్‌లో చూసుకునే తీసుకోండి, కాటా నేనే తెస్తా.