ముఖానికి సూదులా, బొటాక్సా, రాత్రి క్రీమా: ముడతలకు ఏది మేలు?

నలభై దాటిన వాళ్లలో ఈమధ్య చైనా వాళ్ల ముఖ ఆక్యుపంక్చర్ మీద, అంటే ముఖానికి సన్నటి సూదులు గుచ్చే చికిత్స మీద ఆశ బాగా పెరిగింది, ముఖ్యంగా ఇంజెక్షన్ అంటే భయం, క్రీమ్‌లంటే విసుగు ఉన్నవాళ్లలో. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ముడతలు నిజంగా తగ్గాలంటే మొదట సన్‌స్క్రీన్, రాత్రి రాసే ట్రెటినాయిన్ క్రీమ్. కనుబొమ్మల మధ్య నిలువు గీత ఒక్కటే బాధపెడుతుంటే బొటాక్స్ ఇంజెక్షన్. సూదులు ఆ తర్వాత. అలాగని సూదుల్ని నేను కొట్టిపారేయను, వాటి పని వేరు అంటున్నానంతే.

చైనా వైద్యం ముఖాన్ని ఒంటి నుంచి విడదీసి చూడదు. రెండు వేల ఏళ్ల నాటి హువాంగ్‌దీ నెయ్‌జింగ్ గ్రంథం ఆడవాళ్ల వయసును ఏడేళ్లకో మెట్టు చొప్పున లెక్కగడుతుంది. 35వ ఏట యాంగ్‌మింగ్ అనే ప్రాణశక్తి మార్గం బలహీనపడి ముఖం వాడటం, జుట్టు రాలడం మొదలవుతాయని అందులో ఉంది. మగవాళ్లకు ఎనిమిదేళ్లకో మెట్టు, వాళ్ల ముఖం వాడేది 48కి. ఈ యాంగ్‌మింగ్ కిందికి వచ్చేవి జీర్ణకోశం మార్గం, పెద్దపేగు మార్గం. రెండూ ముఖం మీదుగానే పోతాయి, అందులో ఒకటి కాలిదాకా దిగుతుంది, ఇంకోటి చేతి నుంచి పైకి వస్తుంది. కంటి కింద ముడతకు మోకాలి కింద కూడా సూది ఎందుకు పెడతారో ఇక్కడ తెలుస్తుంది. ఈ లెక్కను శరీరశాస్త్రంగా నేను ఒప్పుకోను కానీ, ముఖం పాడైందంటే నిద్ర, అరుగుదల, నెలసరి గురించి అడిగే పద్ధతి మాత్రం నాకు చాలా నచ్చుతుంది. మన స్కిన్ క్లినిక్కుల్లో అంతసేపు కూర్చోబెట్టి అడిగేవాళ్లు తక్కువ.

సిట్టింగ్ ఇలా సాగుతుంది. ముందు రెండు చేతుల నాడి చూస్తారు, నాలుక చాపమంటారు. మొదటి సూది చాలాసార్లు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న కండలో, హెగు అనే చోట పడుతుంది. అక్కడ చురుక్కుమని ఊరుకోదు, బరువుగా, తిమ్మిరెక్కినట్టు లాగుతుంది, చీ, అంటే ప్రాణశక్తి, అందిందనడానికి గుర్తు అదేనంటారు. తర్వాత మోకాలిచిప్పకు నాలుగు వేళ్ల కింద, బయటి పక్కన జూసాన్‌లీ. ముఖానికి పెట్టే సూదులు బాగా సన్నం, మందం 0.16 నుంచి 0.20 మిల్లీమీటర్లు, పొడవు అర అంగుళం. చిన్న ప్లాస్టిక్ గొట్టంలో ఉంచి వేలితో తడితే దిగిపోతుంది, నుదుటి మీదైతే దిగినట్టు కూడా తెలియదు, ముక్కు పక్కన మాత్రం కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కనుబొమ్మల మధ్య, నోటి మూలల్లో, ముడత వెంబడి ఏటవాలుగా మరికొన్ని పెట్టి, ఇరవై ముప్ఫై నిమిషాలు కదలకుండా పడుకోబెడతారు. లేచి అద్దంలో చూసుకుంటే ముఖం నిండుగా, ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంటుంది.

ఆ నిగారింపు అబద్ధం కాదు, సూది పడిన చోటికి రక్తం ఎక్కువగా వస్తుంది, కాస్త వాపు కూడా ఉంటుంది, అందుకే గీతలు పూడినట్టు కనిపిస్తాయి. అయితే అది ఎన్నాళ్లు నిలుస్తుందన్న దగ్గరే రుజువులు సన్నగిల్లుతాయి. కొరియాలో 2013లో అచ్చయిన ఒక పరిశీలనలో 28 మంది ఆడవాళ్లకు మూడు వారాల్లో ఐదు సిట్టింగులు ఇచ్చారు, చర్మం బిగువు కొంత మెరుగుపడిందని రాశారు, కానీ పోల్చి చూడటానికి సూదులు పెట్టని గుంపు లేదు. అంత చిన్న పరిశీలన మీద పది పన్నెండు సిట్టింగుల ప్యాకేజీ కట్టేయడం నాకు ఇష్టం ఉండదు. సూది గాయానికి కొల్లాజెన్, అంటే చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రోటీన్, పుడుతుందన్న మాట కూడా మైక్రోనీడ్లింగ్ అనే వేరే చికిత్స నుంచి అరువు తెచ్చుకున్నది. అక్కడ ముఖమంతా వేలకొద్దీ పోట్లు పడతాయి, ఇక్కడ ముప్ఫయ్యో నలభయ్యో, రెండింటికీ ఒకే ఫలితం ఎలా వస్తుంది?

బొటాక్స్ సంగతి సూటిగా ఉంటుంది. నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని ఆపుతుంది, కండరం ముడుచుకోదు, గీత పడదు. కనుబొమ్మల మధ్య గీతలకు అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది, మామూలు మోతాదు ఐదు చోట్ల కలిపి 20 యూనిట్లు. వారంలోపు తేడా తెలుస్తుంది, మూడు నాలుగు నెలలకు మళ్లీ మొదటికొస్తుంది. ఆక్యుపంక్చర్ పుట్టిన చైనాలోనే లాంఝౌ నగరంలో తయారయ్యే ఇదే రకం మందుకు 1993లోనే అనుమతి ఉంది. సరిగ్గా పెట్టకపోతే కనురెప్ప కొన్ని వారాలు వాలిపోవచ్చు, అందుకే పార్లర్‌లో కాదు, డాక్టర్ దగ్గరే చేయించుకోవాలి. చర్మం రంగు, గరుకుతనం, మంగు మచ్చలు, వీటిలో దేన్నీ బొటాక్స్ బాగుచేయదు.

చర్మం నాణ్యత మారాలంటే ట్రెటినాయిన్. విటమిన్ ఏ కుటుంబం మందు, సన్నటి ముడతలకు అమెరికాలో 1995 నుంచి అనుమతి ఉంది. రాత్రి బఠాణీ గింజంత తీసుకుని పొడి ముఖానికి రాసుకోవాలి, మొదట వారానికి రెండు మూడు రాత్రులే. తొలి వారాల్లో పొట్టు లేస్తుంది, మండుతుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు, ఫలితం మూడు నుంచి ఆరు నెలలకు గానీ కనబడదు. గర్భం కోసం చూస్తున్నవాళ్లు, గర్భిణులు వాడకూడదు. పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఆస్ట్రేలియాలోని నాంబూర్‌లో తొమ్మిది వందల మందికి పైగా వయోజనులను నాలుగున్నరేళ్లు గమనిస్తే, రోజూ రాసుకున్నవాళ్లలో చర్మం ముదరడం 24 శాతం తక్కువగా కనబడింది. సూదుల వెనుక ఇంత గట్టి లెక్క లేదు, ఈ పోలికలో నేను క్రీమ్‌ల వైపు మొగ్గడానికి కారణం ఇదే.

మరి సూదులు ఎవరికి? ముఖంలో మందులేవీ పెట్టించుకోవడం ఇష్టంలేక, వారానికో గంట తీరిక ఉండి, కాస్త మెరుపు, కాస్త విశ్రాంతి చాలనుకునేవాళ్లకు. టెన్షన్‌తో దవడ బిగపట్టుకునేవాళ్లకు ఆ అరగంట హాయిగా కూడా ఉంటుంది. వెళ్లేముందు ఒక్క సిట్టింగ్ ధర కాకుండా కోర్సు మొత్తానికి ఎంతవుతుందో, ఆపైన నెలనెలా రావాలంటారో అడగండి. సూదుల ప్యాకెట్ మీ కళ్లముందే విప్పాలి. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే, ఆస్పిరిన్ అయినా సరే, ముందే చెప్పండి, లేకపోతే కంటి కింద కమిలిన మచ్చ వారం పైన ఉండిపోతుంది. మన చామనఛాయ చర్మం చిన్న గాయానికి కూడా నల్లబడొచ్చు, ఇక దెబ్బ తగిలిన చోట గడ్డకట్టినట్టు మచ్చ పెరిగే తత్వం ఉన్నవాళ్లు దీని జోలికి పోకపోవడం మంచిది. గర్భిణులకు హెగు చోట సూది పెట్టరు.

సూదులతో పాటు మిగతావి కూడా కావాలనుకుంటే బొటాక్స్ పెట్టిన చోట కనీసం రెండు వారాలు సూదులు వద్దు, ట్రెటినాయిన్ వల్ల పొట్టు లేస్తున్న రోజుల్లోనూ వద్దు. గడ్డం కింద జారిపోయిన చర్మానికైతే ఈ మూడింటిలో దేనికీ డబ్బు కట్టకండి, దాన్ని ఇవేవీ పైకి లాగలేవు.