పాత పీసీఐ సాటా కార్డు: డిస్కులతో గొడవ లేదు, పక్కవాళ్లతోనే పడదు

మదర్‌బోర్డులో సాటా పోర్టులు (హార్డ్ డిస్కులు తగిలించేవి) చాలక బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్న నాలుగు పోర్టుల కార్డు ఇది, పీసీఐ అనే పాతరకం స్లాటులో కూర్చుంటుంది. స్పెక్స్ జోలికి పోను. లైనక్స్‌లో డ్రైవర్ కోసం వెతుక్కోనక్కర్లేదు, పెట్టగానే డిస్కులు కనిపిస్తాయి, ఆ ఒక్క ముక్కకే మొదట్లో మా బావమరిదికి కూడా ఇదే కొనమని చెప్పాను. ఇప్పుడడిగితే ముందు నీ మదర్‌బోర్డు ఏదో చెప్పరా అంటాను.

నా కోపమంతా ఒక్కదాని మీదే. దీనికి ఎంఎస్ఐ (మెసేజ్ సిగ్నల్డ్ ఇంటరప్ట్స్) లేదు. అది ఉన్న కార్డు ఇంటరప్ట్‌ను, అంటే నన్ను చూడమని ప్రాసెసర్‌ను పిలిచే సిగ్నల్‌ను, మెసేజ్‌లా పంపిస్తుంది, ఎవరి నంబరు వాళ్లది. ఇది మాత్రం పాతకాలం పిన్ను మీదే బతుకుతుంది, ఆ లైనులో ఇంకెవరుంటే వాళ్లతో సర్దుకుపోవాలి. నా బోర్డులో ఆ ఇంకెవరు ఆన్‌బోర్డ్ యూఎస్‌బీ.

ఓ రాత్రి బ్యాకప్ నడుస్తుంటే కాపీ పాకడం మొదలైంది. డిస్కు పోయిందేమోనని టెన్షన్. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే చెప్పే స్మార్ట్ రిపోర్టు తీస్తే ఒక్క బ్యాడ్ సెక్టార్ లేదు, కేబుల్ మార్చినా అంతే. కర్నెల్ (లైనక్స్ గుండెకాయ) లాగ్‌లో పైకి పోగా పోగా దొరికింది: "ఐఆర్‌క్యూ 17: నోబడీ కేర్డ్", దాని కిందే "డిసేబ్లింగ్ ఐఆర్‌క్యూ". ఐఆర్‌క్యూ అంటే ఆ ఇంటరప్ట్ లైను నంబరు. నాలుగు వాటాలకూ కలిపి ఒకటే కాలింగ్ బెల్ ఉందనుకోండి, మోగిన ప్రతిసారీ మాకు కాదంటే మాకు కాదని అందరూ తలుపులేసుకుంటే విసుగొచ్చి వాచ్‌మన్ వైరే పీకేస్తాడు. కర్నెల్ చేసేదీ అదే, లక్ష ఇంటరప్ట్‌లలో 99,900 కంటే ఎక్కువ దిక్కులేనివైతే ఆ లైను మూసేస్తుంది. ఆ తర్వాత సెకనుకు ఓ పదిసార్లు తొంగిచూస్తుందంతే. అందుకే డిస్కు పూర్తిగా చావదు, బతికినట్టూ ఉండదు.

లాగ్‌లోనే ఐఆర్‌క్యూపోల్ అనే కర్నెల్ ఆప్షన్ పెట్టి బూట్ చేసి చూడమని సలహా ఉంటుంది. పెడితే నడిచింది గానీ, దిక్కు దొరకని ప్రతి ఇంటరప్ట్‌కీ, పైగా టైమర్ కొట్టిన ప్రతిసారీ, అందరి హ్యాండ్లర్లనూ (ఇంటరప్ట్‌కు జవాబిచ్చే డ్రైవర్ కోడ్) తట్టి లేపడమే దాని పని, మెషీన్ బరువెక్కిపోయింది. నోఏపిక్ అనే ఇంకో బూట్ ఆప్షన్ ఇంకా ఘోరం, ఉన్నవాళ్లందరినీ 0 నుంచి 15 వరకున్న పాత లైన్లలోకి కుక్కుతుంది. బయోస్‌లో ఆ యూఎస్‌బీని ఆపేస్తే రోగం మాయం, దాంతోపాటు ముందువైపు పోర్టులూ మాయం.

చివరికి పని చేసింది స్క్రూడ్రైవరే. పీసీఐ స్లాట్లకు ఇంటరప్ట్ లైన్లను మామూలుగా ఒక్కో స్లాటుకూ ఒక్కో స్థానం జరిపి కలుపుతారు, కాబట్టి అదే కార్డు కింది స్లాటులోకి మారితే లైనూ మారొచ్చు. మార్చాను. ఏ లైను మీద ఎవరున్నారో చూపించే, ప్రాక్ ఫోల్డరులోని ఇంటరప్ట్స్ ఫైలు తెరిస్తే 19 ఎదురుగా డిస్కు డ్రైవర్ ఒక్కటే కనిపించింది, పక్కన కామా పెట్టి ఇంకో పేరు లేదు. ఎంత హాయిగా అనిపించిందో! కాపీ చేస్తుంటే ఆ అంకె పెరుగుతోంది, 17 దగ్గర యూఎస్‌బీ తన గోల తాను పడుతోంది. ఆ తర్వాత లాగ్‌లో మళ్లీ ఆ మాట రాలేదు.

కొనొచ్చా అంటే, నా అవసరం పాత డిస్కులకు రాత్రిపూట బ్యాకప్, స్పీడుతో పనిలేదు, పైగా ఖాళీ స్లాటు ఇంకోటి ఉంది కాబట్టి నాకు సరిపోయింది. మామూలు పీసీఐ బస్ (కార్డులన్నీ పంచుకునే డేటా దారి) మొత్తానికీ కలిపి సెకనుకు 133 ఎంబీయే, నాలుగు డిస్కులూ ఒకేసారి పరుగెత్తాలంటే కుదరదు. ఒక్కటే పీసీఐ స్లాటున్న బోర్డైతే, అందులో ఏదో ఒక కార్డు పెట్టి, దాని లైను ఎవరితో పంచుకుంటుందో ఎల్‌ఎస్‌పీసీఐ కమాండులో చూసుకున్నాకే డబ్బులివ్వండి.